చదరంగంలో ఓనమాలు దిద్ది ఛాంపియన్ అయిన మీర్ సుల్తాన్ ఖాన్

పదవీ విరమణ తరువాత కొత్త విద్య ఏదైనా మొదలుపెడదామంటే, ఈ వయసులో మనకెందుకులే అనే మాట ఇంట్లోవారికంటే ముందు మన నోటనే వస్తుంది. చదరంగం విషయంలో ఈ మాట మరీ ఎక్కువ. ఐదారేళ్ళ వయసులోనే శిక్షణ మొదలుపెట్టాలనీ, ప్రారంభపు ఎత్తులు కంఠతా పట్టాలనీ అంటారు. అటువంటి ఆటలో ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఓనమాలు దిద్ది, మూడేళ్ళు తిరిగేసరికి ఇంగ్లండులో ఛాంపియన్ అయిన వ్యక్తి అవిభక్త భారతదేశంలో ఒకరున్నారు. ఆయనే మీర్ సుల్తాన్ ఖాన్.

ఆయన 1903లో పంజాబులోని మిఠా తివానా గ్రామంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తొమ్మిదో ఏట తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నారు. అయితే అది మన దేశీయ చదరంగం. మనలో పెద్దవారు కొందరు చిన్నతనంలో రచ్చబండ మీద చూసిన ఆట వంటిదే. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. రాజు ఆట మొత్తంలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి వరుస చేరితే, ఆ వరుసలో మొదట ఏ కాయ ఉండేదో ఆ కాయే అవుతుంది. కనుక ఆట నిదానంగా మొదలై, బలగాలు సర్దుకున్న తరువాతే అసలు పోరు సాగేది.

ఇరవై ఒకటో ఏటికే సుల్తాన్ ఖాన్ పంజాబులో మేటి ఆటగాడిగా పేరు పొందారు. ఆ ప్రాంతపు పెద్ద జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను చేరదీసి, 1926లో పాశ్చాత్య పద్ధతి చదరంగం నేర్పించారు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో తొమ్మిది ఆటలకు ఎనిమిది గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఓటమి లేకుండా సుల్తాన్ ఖాన్ విజేత అయ్యారు. మరుసటి ఏడు ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను లండన్ తీసుకువెళ్ళారు.

అసలు పరీక్ష అక్కడే ఎదురయింది. పాశ్చాత్య పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకుతుంది. అందువల్ల మూడు నాలుగు ఎత్తులకే రెండు సేనలూ ఢీకొంటాయి. ఉదాహరణకు కొత్తవారికి మొదట నేర్పే ఇటాలియన్ ఓపెనింగ్ చూడండి. మనం రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరుపుతాం. ఎదుటివారూ అలాగే జరుపుతారు. తరువాత మన గుర్రం బయటకు వచ్చి వారి బంటు మీద గురిపెడుతుంది. వారు రెండో వైపు గుర్రంతో ఆ బంటుకు కాపు ఇస్తారు. మూడో ఎత్తులో మన శకటు బయలుదేరి, ఎదుటి రాజు పక్కనున్న బలహీనమైన బంటు వైపు చూస్తుంది. ఇక రాజును ఏనుగు చాటున భద్రపరచడమే తరువాయి. నడిమి గళ్ళు పట్టు, కాయలను త్వరగా బయటకు తీయి, రాజును కాపాడు అన్న మూడు పాఠాలూ ఈ కొద్ది ఎత్తుల్లోనే ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళకు పైగా పుస్తకాలకెక్కిన విద్య ఇది. ఐరోపా ఆటగాళ్ళు ఇటువంటి ఓపెనింగులు డజన్ల కొద్దీ చదువుకుని బల్ల ముందు కూర్చునేవారు. సుల్తాన్ ఖాన్‌కు ఆ చదువు లేదు.

లండన్‌లో ఆయన అభ్యాసం కోసం ఏర్పాటు చేసిన చిన్న పోటీలో మరొకరితో కలిసి చివరి స్థానంలో నిలిచారు. స్వదేశంలో ఓటమి ఎరుగని మనిషికి అది చిన్న దెబ్బ కాదు. అయితే ఆ పోటీలో ఆయనకంటే ముందు నిలిచిన విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇంగ్లీషు ఆటగాళ్ళే పెద్ద మనసుతో ఆయనకు తర్ఫీదు ఇచ్చారు. అదే వేసవిలో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలుచుకున్నారు. ఎవరూ ఊహించని ఫలితమది. 1932, 1933 సంవత్సరాలలో మళ్ళీ ఆ బిరుదు ఆయనదే అయింది.

1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాను 65 ఎత్తుల్లో ఓడించడం ఆయన జీవితంలో గొప్ప ఘట్టం. ఆ ఆటలో అయిదో ఎత్తుగా ఆయన అంచునున్న బంటును ఒక్క గడి జరిపారు. చూడడానికి సాదా ఎత్తు, దేశీయ చదరంగపు నడక. అటువంటి పద్ధతే తరువాతి కాలంలో, 1963లో ప్రపంచ ఛాంపియన్ అయిన పెట్రోసియన్ పేరుమీద ప్రసిద్ధికెక్కింది. 1931లో పేరుమోసిన టార్టకోవర్‌తో జరిగిన మ్యాచ్‌ను సుల్తాన్ ఖాన్ ఆరున్నర - అయిదున్నర తేడాతో గెలిచారు. అదే ఏడు ప్రాగ్ ఒలింపియాడ్‌లో మొదటి బల్ల మీద ఆడి, 17 ఆటల్లో ఎనిమిది గెలిచి, ఏడు డ్రా చేసి, రెండే ఓడారు. రూబిన్‌స్టీన్, ఫ్లోర్ వంటివారు ఆయన చేతిలో ఓడారు. నాటి ప్రపంచ ఛాంపియన్ అలెఖైన్ డ్రాతో సరిపెట్టుకున్నారు.

ఇంగ్లండు చలి ఆయనకు పడలేదు. మలేరియా, గొంతు నొప్పి తరచు బాధించేవి. మెడకు గుడ్డ చుట్టుకునే ఆడిన సందర్భాలు ఎన్నో. 1933 చివరలో స్వదేశానికి తిరిగి వచ్చారు. 1935లో ఖాదిల్కర్‌తో పది ఆటలు ఆడి ఒక్క డ్రా తప్ప అన్నీ గెలిచారు. ఆ తరువాత పెద్ద పోటీలకు దూరమై, వ్యవసాయం చూసుకుంటూ గడిపారు. తన పిల్లలకు చదరంగం నేర్పలేదని చెబుతారు. 1966 ఏప్రిల్ 25న క్షయ వ్యాధితో సర్గోధాలో కన్నుమూశారు.

ఇన్ని విజయాలున్నా ఆయన పేరు పక్కన చాలాకాలం నిలిచిన మాట వేరు. చదువురాని సేవకుడు అని ఎన్నో పుస్తకాలు రాశాయి. ఈమధ్య కాలంలో ఆయన కుటుంబీకులు దానిని ఖండించారు. ఆయన భూమి ఉన్న కుటుంబంలో పుట్టారనీ, చదవడం రాయడం తెలిసినవారనీ వారు చెబుతున్నారు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు విషయంలోనూ అన్యాయమే జరిగింది. 1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మొదటి జాబితా ప్రకటించినప్పుడు అందులో ఆయన పేరు లేదు. అప్పటికి ఆయన పోటీలు మానేసి చాలా ఏళ్ళయింది. చివరకు 2024 ఫిబ్రవరిలో గౌరవ గ్రాండ్‌మాస్టర్‌గా ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి 57 ఏళ్ళు దాటింది. న్యాయంగా రావలసిన బకాయి మనిషి పోయాక మంజూరైతే ఇంటిల్లిపాదికీ ఎలా ఉంటుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

సుల్తాన్ ఖాన్ ఆడిన ఆటలు ఇప్పటికీ పుస్తకాలలో దొరుకుతాయి. వాటిని చదవాలంటే ముందు ఎత్తులు తెలియాలి. సభ్యులు ఈ సెలవుల్లో మనుమలనో మనుమరాళ్ళనో ఎదురుగా కూర్చోబెట్టుకుని పైన చెప్పిన మూడు ఎత్తులూ వేసి చూడండి. బహుశా పిల్లలకే మనకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. అప్పుడు వారి దగ్గరే నేర్చుకుందాం. తనను ఓడించినవారి దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి సుల్తాన్ ఖాన్ సిగ్గుపడలేదు.