కామిల్ పిసారో

కరీబియన్ సముద్రమునందు సెయింట్ థామస్ అను చిన్న ద్వీపము కలదు. నేడది అమెరికా సంయుక్త రాష్ట్రముల యేలుబడిలో నున్నది గాని, పందొమ్మిదవ శతాబ్దమునందు డెన్మార్కునకు లోబడి యుండెను. ఆ ద్వీపమునందలి షార్లట్ అమేలీ అను రేవుపట్టణమున 1830వ సంవత్సరము జూలై 10వ తేదీన కామిల్ పిసారో జన్మించెను. అతని తండ్రి యూదుడు. అచ్చట వర్తకము చేయుచుండెను. పండ్రెండవ యేట బాలుని పారిస్ సమీపమునందలి యొక పాఠశాలకు పంపిరి. అచ్చట చదువుతోపాటు బొమ్మలు గీయుటయు నతని కలవడెను. పదునేడవ యేట నతడు తిరిగి యిల్లు చేరగా, తండ్రి తన దుకాణపు పనులలో నియోగించెను. తీరిక దొరకినపుడెల్ల పిసారో రేవునందలి ఓడలను, చెట్లను, బరువులు మోయువారిని గీయుచు కూర్చుండెడివాడు.

ఇట్లు కొన్ని యేండ్లు గడచెను. ఫ్రిట్జ్ మెల్బీ అను డెన్మార్కు చిత్రకారుడు ఆ ద్వీపమునకు వచ్చి, ఈ యువకుని నేర్పును గుర్తించెను. 1852లో పిసారో దుకాణమును విడిచి అతనితో వెనిజులా దేశమునకు పోయి, రెండేండ్లు బొమ్మలు వ్రాయుచు గడపెను. కుమారుని మనస్సు వర్తకము వైపు మరలదని తలిదండ్రులకు తెలిసివచ్చెను. 1855లో అతడు పారిస్ చేరెను. పుట్టిన ద్వీపమును మరల చూడలేదు.

ఆ కాలమున ఫ్రాన్సులో చిత్రకారుని భాగ్యము ‘సలోన్’ అను ప్రదర్శనపై నాధారపడి యుండెను. అందు పురాణ కథలకును, యుద్ధములకును, రాజుల రూపములకును పెద్దపీట. పొలము, బండిబాట, పల్లెలోని పాతగోడ—ఇవి చిత్రింపదగినవని న్యాయనిర్ణేతలు తలంపరైరి. పిసారో చిత్రించినవి సరిగా అవియే. వృద్ధ చిత్రకారుడగు కోరో అతనికి సలహా లిచ్చుచుండెను. 1859లో పిసారో చిత్రమొకటి సలోన్‌లో చోటు సంపాదించినది గాని, తరువాత నాదరణ నిలుకడగా లభింపలేదు. ఆ దినములలోనే అతనికి మోనే, సెజాన్ అను యువకులతో స్నేహము కలిగెను.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చెను. అప్పుడు పిసారో లూవెసియెన్ అను గ్రామమున నుండెను. శత్రుసైన్యము సమీపించుటచే భార్యాబిడ్డలను వెంటనిడుకొని ఇల్లు విడిచి, తుదకు లండన్ చేరెను. సైనికులు అతని యింటిని ఆక్రమించిరి. పెరటిలోని బురదపై నడచుటకు అతని చిత్రపటములను పరచుకొనిరట! ఇంచుమించు పదునైదు వందల చిత్రములలో నలుబది మాత్రమే మిగిలినవని చెప్పుదురు. ఇరువది యేండ్ల శ్రమ యట్లు బురదపాలయ్యెను. నలుబదియేండ్ల వయస్సున నతడు మరల మొదటినుండి ప్రారంభింపవలసివచ్చెను. లండన్‌లో నొక మేలు మాత్రము జరిగెను. డ్యురాండ్-రుయెల్ అను ఫ్రెంచి చిత్రవర్తకుడు పరిచయమై, అతని చిత్రములను కొన్నింటిని కొనెను.

స్వదేశమునకు వచ్చిన పిదప పిసారోయు, మోనే, రెన్వార్, సిస్లే, డెగా మున్నగు మిత్రులును సలోన్‌ను నమ్ముకొనక, తామే యొక ప్రదర్శన నేర్పరచుకొన నిశ్చయించిరి. అది 1874 ఏప్రిల్ 15వ తేదీన పారిస్‌లో ప్రారంభమయ్యెను. దానికి తొమ్మిది దినములకు ముందే, తొమ్మిదేండ్లైనను నిండని పిసారో కూతురు మరణించెను. ఆ దుఃఖముననే అతడు అయిదు చిత్రములను ప్రదర్శనకు పెట్టెను.

వానిలో ‘తెల్లమంచు’ అనునది యొకటి. శీతకాలపు ఉదయము, దున్నిన పొలము, చాళ్లపై మంచు పేరియున్నది. వీపున కట్టెలమోపు మోయుచు నొక రైతు పాతబాట వెంట వచ్చుచున్నాడు. పొలముపై పొడవైన చెట్లనీడలు అడ్డముగా పడినవి. చెట్లు మాత్రము చిత్రములో లేవు! నీడలును నల్లగా లేవు; వానియందు నీలిచాయలు కలవు. ఎండకాలువలో రంగులను పక్కపక్కనే చిన్న చిన్న కుంచెదెబ్బలతో వేసినచో, దూరమునుండి చూచువాని కన్నే వానిని కలుపుకొనునని ఈ మిత్రుల విశ్వాసము. ఆరుబయట కూర్చుండి, వెలుగు మారకముందే పని ముగింపవలయును గావున, నునుపు చేయుటకు వ్యవధి యుండదు. దీనిని గ్రహింపక యొక విమర్శకుడు, ఆ చిత్రము రంగుపలక గోకుడును మురికిగుడ్డపై పూసినట్లున్నదని పరిహసించెను. మోనే చిత్రమొకదాని పేరునుబట్టి యతడే వీరిని ఇంప్రెషనిస్టులని వెక్కిరించెను. ఆ వెక్కిరింతయే వారికి పేరై నిలిచెను.

1886 వరకు ఇట్టి ప్రదర్శనలు ఎనిమిది జరిగెను. ఎనిమిదింటను పాల్గొన్నవాడు పిసారో యొక్కడే. మిత్రులు తమలో తాము కలహించినపుడు సర్దిచెప్పువాడును అతడే. పొంత్వాజ్ పట్టణమున సెజాన్‌ను వెంట గొనిపోయి, ప్రకృతిని ఓపికతో చూచుట నేర్పెను. షేరుబజారు పనులు చూచుకొనుచు సెలవుదినములలో బొమ్మలు వ్రాయు గోగాఁకు మార్గము చూపెను. ఇంతమందికి గురువైన యతని యింట మాత్రము దారిద్ర్యము తొలగలేదు. భార్య జూలీ కూరగాయలు పండించి, కోళ్లను పెంచి పిల్లల కడుపు నింపెడిది. ఆమె యోర్పు లేనిచో ఆ చిత్రములలో నెన్ని వెలువడియుండెడివో!

ఏబదియైదేండ్ల వయస్సున పిసారో మరియొక సాహసము చేసెను. సురా అను ఇరువదియారేండ్ల యువకుడు చిన్న చుక్కలతో చిత్రించు పద్ధతిని కనిపెట్టగా, ఈ వృద్ధుడు సంకోచింపక దానిని నేర్చుకొనెను. కొనువారు వెనుదీసిరి, ఒక్కొక్క చిత్రమునకు పట్టు కాలమును పెరిగెను. కొన్నియేండ్లకు, ఆ పద్ధతి తన చేతిని బంధించుచున్నదని తెలిసి, దానిని కూడ విడిచెను.

1892లో డ్యురాండ్-రుయెల్ అతని చిత్రములతో పెద్ద ప్రదర్శన నడపగా నది జయప్రదమయ్యెను. ఎరాన్యీలో తాను అద్దెకున్న యింటిని, మోనే యిచ్చిన అప్పుతో ఆ యేడే కొనగలిగెను. కాని అప్పటికే కంటిజబ్బు ముదిరి యుండెను. గాలియు దుమ్మును కంటికి తగులరాదని వైద్యులు చెప్పిరి. జీవితమెల్ల ఆరుబయట గడపిన వానికి ఇది యెంత కఠినమైన యాజ్ఞ!

పిసారో కుంచె దించలేదు. హోటళ్లలో పై యంతస్తు గదులను అద్దెకు తీసికొని, మూసిన కిటికీ వెనుక పీఠము వేసికొనెను. పొలములకు బదులు వీధులు లభించెను. 1897లో పారిస్ నగరమునందలి మోమార్త్ర్ రాజవీధిని ఒకే కిటికీనుండి పలుమారులు చిత్రించెను: పొగమంచు కప్పిన ఉదయము, వసంతపు టెండ, వర్షము, ఉత్సవజనము, దీపములు వెలిగిన రాత్రి. వీధి యొక్కటే, వెలుగు మాత్రము వేరు. రువాఁ, ల్ హావ్ర్ రేవులనుకూడ ఇట్లే కిటికీలనుండి చిత్రించెను.

1903 నవంబరు 13వ తేదీన పారిస్‌లో అతడు మరణించెను. మూడేండ్ల తరువాత, అప్పటికే ప్రఖ్యాతి గాంచిన సెజాన్ తన స్వస్థలమున జరిగిన యొక ప్రదర్శనకు చిత్రము నంపుచు, జాబితాలో తన పేరు ప్రక్కన పిసారో శిష్యుడని వ్రాయించుకొనెను.