డోర్నకల్‌లో ఒక తమిళ బిషప్

మద్రాసు నుంచి హైదరాబాదు వెళ్లే రైళ్లలో మనవాళ్లు ఎన్నోసార్లు డోర్నకల్ జంక్షన్ దాటి ఉంటారు. ఖమ్మం తర్వాత వస్తుంది. చాలామందికి అది టీ తాగి ముందుకు సాగిపోయే స్టేషను, అంతే. ఆ ఊళ్లో ముప్పై అయిదేళ్లు ఉండి, అక్కడి మట్టిలోనే కలిసిపోయిన ఒక తమిళుడి సంగతి పాఠకులకు చెప్పాలని మాకు చాలాకాలంగా ఉంది. మనం తెలుగు మాట్లాడుతూ పరభాషల ఊళ్లలో తరతరాలుగా ఉంటున్నాం. ఆయన అటునుంచి ఇటు వచ్చారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. నాడార్ కుటుంబం, తండ్రి గుడి పాదిరి. తల్లి ఏళ్ల తరబడి కొడుకు కోసం ప్రార్థించి, బైబిల్లో హన్నా తన బిడ్డకు పెట్టిన పేరే ఈ బిడ్డకూ పెట్టుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ, పరీక్షల వేళ జబ్బు పడటంతో బి.ఏ. పట్టా చేతికి రాలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టా లేదని జీవితమంతా దిగులు పడేవాళ్లను ఆఫీసుల్లో ఎంతోమందిని చూశాం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాం.

1895 నుంచి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. కార్యదర్శి పని ఏమిటో మాకు తెలుసు: ఉత్తరాలు, ప్రయాణాలు, సభలు, చందాలు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్తికులను పంపడం చూశారు. మనవాళ్లు దొరల డబ్బు మీదే ఎందుకు ఆధారపడాలన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో మిత్రులతో కలిసి భారతీయ మిషనరీ సంఘం స్థాపించారు. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

పంపేవాళ్లు చాలామంది ఉంటారు, వెళ్లేవాళ్లు తక్కువ. 1909లో ఆయనే వెళ్లారు. ముప్పై అయిదేళ్ల వయసులో, ఇల్లు కూడా లేని చోట గుడారం వేసుకుని, కొత్తగా తెలుగు నేర్చుకున్నారు. మన ఇళ్లలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పమంటే తీరిక లేదంటాం. ఆయన నేర్చుకున్నది పండితుల తెలుగు సరిపోదని తెలిసి నేర్చుకున్న తెలుగు. వినేవాళ్లు పొలం కూలీలు, మాల మాదిగ పేటల జనం.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. తెల్ల మిషనరీలు డబ్బు ఇస్తున్నారు, శ్రమపడుతున్నారు, కానీ భారతీయులతో సమానంగా కూర్చుని స్నేహం చేయడం లేదని వాళ్ల ముఖం మీదే చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. వద్దన్నవాళ్లలో తెల్లవాళ్లే కాదు, మనవాళ్లూ ఉన్నారు.

ఇక అసలు సంగతి. ఆయన దృష్టిలో దేవుణ్ణి గౌరవించడం ఆదివారం గుడిలో మొదలై గుడిలోనే ముగిసేది కాదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ, చదువు రాని కూలీ అయినా సరే, తన తల మీద తానే చేయి పెట్టుకుని ఈ మాట పదిమందికీ చెప్పే బాధ్యత నాదేనని ఒప్పుకోవాలి. చెప్పడమంటే నోటితోనే కాదు. సారా మానాలి, ఇల్లూ ఒళ్లూ శుభ్రంగా ఉంచుకోవాలి, దొంగతనం, అబద్ధం మానాలి. బిషప్ గారు ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరుగుతూ వీటి గురించే మాట్లాడేవారు. అన్బు అమ్మగారు ఆడవాళ్లతో కూర్చుని, పిల్లల పెంపకం, కాపురం సంగతులు మాట్లాడేవారు. పేటలోవాళ్ల నడవడి మారడం చూసి పై కులాలవాళ్లు కూడా కొందరు ఈ మతం ఏమిటో తెలుసుకోవడానికి వచ్చారు. పుస్తకం చదివి కాదు, తమ పొలంలో పనిచేసే మనిషిని చూసి వచ్చారు.

కానుకల విషయంలో ఆయన పట్టుదల గట్టిది. బీదవాళ్ల దగ్గర ఏం తీసుకుంటామని జాలిపడితే వాళ్లను ఎప్పటికీ అడుక్కునేవాళ్లుగానే ఉంచినట్టని ఆయన అభిప్రాయం. దీని మీద ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేకపోతే పంటకోత పండుగకు ధాన్యం, కోడి, కూరగాయలు, ఏది ఉంటే అది తెస్తారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కన వేసే ఇల్లాళ్లు దక్షిణాది సంఘాలలో ఇప్పటికీ ఉన్నారు. లెక్కలు రాసిన చేతితో చెబుతున్నాం, అలాంటి పద్దు ముందు పెద్ద విరాళాల పద్దులు చిన్నవిగా కనిపిస్తాయి.

అన్నీ సాధించారని మేము అనడం లేదు. మాల మాదిగల మధ్య దూరం గుడిలోకీ వచ్చింది. ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలో ప్రభు భోజనం తీసుకోవాలని ఆయన పట్టుబట్టినా, ఆ దూరం ఆయన బతికుండగా పూర్తిగా పోలేదు. 1930లలో గుంపులుగా మతం మారడాన్ని గాంధీగారు తప్పుపట్టారు. కూలివాడికీ తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి ఉందని ఆయన వాదన. ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే ఆయన వద్దన్నారు. అలా చేస్తే సంఘం ఓట్ల కోసం కట్టిన గుంపుగా మిగిలిపోతుందని ఆయన భయం. సంఘాలు నడిపే మాబోటివాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

డోర్నకల్ కతీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు మన గుడి మండపాన్ని. ఈ దేశంలో పుట్టిన క్రైస్తవుడు ఈ దేశపు ఇంట్లోనే మొక్కాలని ఆయన కోరిక.

1944 చివరలో కూడా పల్లెల పర్యటనలోనే ఉన్నారు. జ్వరంతో తిరిగివచ్చి, 1945 జనవరి 1న కన్నుమూశారు. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన చర్చలు ఫలించి, 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అది ఆయన చూడలేదు. సమాధి డోర్నకల్‌లోనే ఉంది, తిరునల్వేలికి తీసుకుపోలేదు.