వెండితెరపై మన్యం వీరుడు

అరకులోయ నేడు పాడేరు కేంద్రంగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఆ పేరు వినగానే పెక్కుమంది తెలుగువారి కన్నుల ముందు మెదిలేది కాషాయాంబరాలతో విల్లు ధరించిన నటుడు కృష్ణ రూపం. ఆ రూపానికి మూలమైన జీవితం ఇరవై ఏడేండ్లు నిండకుండానే ముగిసింది.

రామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో మాతామహుల ఇంట జన్మించాడు. స్వగ్రామం భీమవరం సమీపంలోని మోగల్లు. ఛాయాగ్రాహకుడైన తండ్రి వెంకటరామరాజు అతని బాల్యంలోనే గతించాడు. చదువు మధ్యలో నిలిచింది. తీర్థయాత్రలు ముగించి, మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేటను నివాసం చేసుకొన్నాడు.

అప్పటికి మన్యం ఉడికిపోతున్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుగోడ అయింది. నరసీపట్నం నుండి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలితో గిరిజనులను పీడించాడు. అడవి తమది కాకుండా పోవడం ఒక బాధ. ఆ అడవిని చీల్చే రోడ్డును తామే వేయవలసి రావడం అంతకు మించిన బాధ.

1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు రామరాజు దళానికి లొంగిపోయాయి. గాం గంటందొర, మల్లుదొర సోదరులు అతనికి కుడిభుజాలు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉన్న దళం ముందు నడిచిన భారతీయ సిపాయిలను విడిచిపెట్టి, వెనుక వచ్చిన ఇద్దరు ఆంగ్ల అధికారులను హతమార్చింది. పిమ్మట మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ మన్యాన్ని చుట్టుముట్టారు. 1924 మే 7న చేజిక్కిన రామరాజును కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చివేశారు.

అతడు మరణించి 50 ఏండ్లు నిండడానికి ఆరు రోజుల ముందు, 1974 మే 1న, 'అల్లూరి సీతారామరాజు' చిత్రం విడుదలైంది. ఇది కృష్ణకు నూరవ చిత్రం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కూడా. చింతపల్లి ప్రాంతంలో చిత్రీకరణ సాగుతుండగా దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశాడు. పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్‌కు అప్పగించి, తక్కిన భారాన్ని కృష్ణయే వహించాడు.

చిత్రంలోని సీత ప్రణయకథకు చారిత్రకాధారం లేదు. తుది ఘట్టంలో రామరాజుకు ఎదురుగా నిలిచేది రూథర్‌ఫర్డ్. చరిత్రలో కొయ్యూరున కాల్పులు జరిపించినవాడు మేజర్ గుడాల్. అయినను కృష్ణ ఆ పాత్రలో చూపిన నిగ్రహం గొప్పది. తుపాకుల ఎదుట ఆయన తొణకని చూపుతో నిలిచాడు. 300 పైచిలుకు చిత్రాలలో నటించిన కృష్ణ, మన్యంలో రామరాజు పేరిట జిల్లా ఏర్పడిన ఏడు నెలలకు, 2022 నవంబరు 15న పరమపదించాడు.