జిడ్డు కృష్ణమూర్తి

చిత్తూరు సీమకు పడమటి కొనయందు కొండల నడుమ మదనపల్లె యను పట్టణము కలదు. ఆ పట్టణములో 1895వ సంవత్సరము మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించెను. నాడు మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరి, 2022 వరకు ఆ జిల్లాలోనే యుండెను. కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. దేవకీదేవికి శ్రీకృష్ణుడు ఎనిమిదవ బిడ్డ. తమకును ఇతడు ఎనిమిదవ సంతానమగుటచే తలిదండ్రులు ఆ దేవుని పేరే పెట్టుకొనిరి.

రెండేండ్ల ప్రాయమున ఆ బాలునికి మలేరియా జ్వరము సోకి ప్రాణము మీదికి వచ్చెను. బ్రతికి బయటపడెను గాని, ఆ జ్వరము ఏండ్ల తరబడి అతనిని వెంటాడుచునే యుండెను. జ్వరము వచ్చినప్పుడెల్ల బడి మానవలసి వచ్చెడిది. తిరిగి బడికి పోవునప్పటికి తోడివారు పాఠములలో ఎంతో దూరము సాగిపోయి యుండెడివారు. విడిచిన పాఠమును మరల చెప్పువారు లేరు. జరుగుచున్న పాఠము అతనికి అర్థము కాదు. పైగా తండ్రికి తరచు బదిలీలు. ఊరు మారినప్పుడెల్ల బడియు మారుచుండెను.

ఆ కాలపు బడులలో వల్లించుటయే చదువు. వల్లింపలేని వానికి బెత్తమే మందు. తమ్ముడు నిత్యానందుడు చురుకైనవాడని పేరు పొందెను. అన్న మాత్రము ఉపాధ్యాయుల దృష్టిలో మందబుద్ధి. ప్రశ్న వేసినచో జవాబు చెప్పలేక దిక్కులు చూచుచు నిలుచుండెడివాడు.

కాని యింటివారు ఎరిగిన కృష్ణమూర్తి వేరు. అతడు చెట్టునో, మబ్బునో, చీమల బారునో చూచుచు చాలసేపు కదలక యుండెడివాడు. బడినుండి తిరిగి వచ్చునప్పుడు ఒక్కొక్కనాడు చేతిలో పలకయు బలపమును ఉండెడివి కావు. ఎవరో పేద బాలునికి ఇచ్చివేసి వచ్చెడివాడు. ఒకనాడు ఇంటిలోని గడియారమును విప్పి, దాని భాగములన్నియు వేరు చేసెను. అది ఎట్లు నడచునో తెలిసికొనవలెనని అతని కోరిక. ఆ గడియారమును మరల కూర్చువరకు బడికి పోలేదు, భోజనమునకును లేవలేదు. మందబుద్ధి యైనవాడు ఇట్టి పని చేయగలడా? బడి యడిగిన ప్రశ్నలకు అతడు జవాబు చెప్పలేకపోయెను. అతని మనస్సులోని ప్రశ్నలను బడి ఎన్నడును అడుగలేదు.

1905లో తల్లి కడపలో మరణించెను. అప్పటికి కృష్ణమూర్తికి పదేండ్లు. తండ్రి ఉద్యోగ విరమణ చేసి, 1909లో బిడ్డలతో మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజమున కొలువు సంపాదించెను. అన్నదమ్ములను మైలాపూరులోని ఒక బడిలో చేర్చిరి. అచటను కృష్ణమూర్తికి బెత్తపు దెబ్బలు తప్పలేదు. పాఠము రానందుకు అతనిని తరగతి వెలుపల వసారాలో నిలబెట్టెడివారు. బాలుడు ఏడ్చుచు అచటనే నిలిచి యుండెడివాడు. ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయుడు అతనిని లోపలికి పిలుచుటయే మరచెడివాడు.

ఆ యేడే లెడ్‌బీటరు అను దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడు సముద్రతీరమున ఈ బాలుని చూచి, ఇతడు లోకగురువు కాగలడని తలచెను. బడిలోని దెబ్బల సంగతి తెలిసి, తండ్రిని ఒప్పించి, అన్నదమ్ములను బడి మాన్పించి, అడయారులోనే చదువు చెప్పించు ఏర్పాటు చేసెను. బెత్తము లేని ఆ చోట కృష్ణమూర్తి ఆరు నెలలలో ఇంగ్లీషు మాట్లాడుటయు వ్రాయుటయు నేర్చెను. బాలుడు మారలేదు, బడి మాత్రమే మారెను.

తరువాత అనిబిసెంటు ఆ సోదరుల పోషణభారము వహించి, 1911లో వారిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. అచట కృష్ణమూర్తి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలకు పలుమారు కూర్చుండియు ఉత్తీర్ణుడు కాలేదు. ఇంతలో అతనిని లోకగురువుగా భావించువారు దేశదేశములలో పెరిగిరి. అతడు అధిపతిగా ఒక పెద్ద సంఘమే వెలసెను. 1925లో ప్రాణసమానుడైన తమ్ముడు నిత్యానందుడు మరణించుట అతనిని కలచివేసెను. 1929 ఆగస్టు 3వ తేదీన, హాలెండు దేశమున ఓమెన్ అను చోట, సుమారు 3,000 మంది సభ్యుల యెదుట కృష్ణమూర్తి ఆ సంఘమును రద్దు చేసెను. సత్యమును ఎవరికి వారే తెలిసికొనవలెను గాని, గురువు వెంట నడచి పొందలేరని ఆయన అభిప్రాయము. సంఘమునకు వచ్చిన ఆస్తులను దాతలకు తిప్పి యిచ్చివేసెను.

గురుపీఠమును విడిచిన ఆయన బడిని మాత్రము విడువలేదు. అంతకు కొన్ని యేండ్ల క్రిందటనే, ఒక విద్యాసంస్థకు తగిన స్థలమును వెదకుచు, తాను పుట్టిన మదనపల్లెకు సుమారు 10 మైళ్ళ దూరమున ఒక లోయను చూచియుండెను. చుట్టును రాతికొండలు, నడుమ ఒక పెద్ద మఱ్ఱిచెట్టు. వానలు తక్కువ గల మెట్టభూమి. గిండీలో మొదలైన పాఠశాల 1931లో ఆ లోయకు తరలి వచ్చెను. అదియే ఋషివాలీ పాఠశాల. ఎండిన గుట్టలపై ఏటేట మొక్కలు నాటుటచే ఆ లోయ క్రమముగా పచ్చబడెను.

భయము ఉన్నచోట చదువు ఉండదనియు, ఒక పిల్లవానిని వేరొక పిల్లవానితో పోల్చుట ఇద్దరికిని కీడనియు కృష్ణమూర్తి బోధించెను. అందుచే ఋషివాలీలో బెత్తమునకు తావు లేదు. చిన్న తరగతులలో మార్కుల పోటీ లేదు. సాయంకాలమున పిల్లలు ఒకచోట చేరి, మౌనముగా కూర్చుండి, కొండల వెనుకకు దిగు సూర్యుని చూతురు. దీనిని అచట అస్తాచల్ అందురు. మబ్బులను చూచుచు నిలిచినందుకు ఒకనాడు మందబుద్ధి యనిపించుకొన్నవాడు స్థాపించిన బడిలో, ఆకాశమును చూచుటయు చదువులో ఒక భాగమయ్యెను.

అయితే ఋషివాలీ వసతి పాఠశాల. దూర నగరములనుండి, రుసుము చెల్లింపగలవారి బిడ్డలు వచ్చి అందు చదువుచుండిరి. కొండ కావల పల్లెలలోని పిల్లలు మేకలను కాయుచు, వేరుసెనగ చేలలో పని చేయుచు ఉండిరి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, పదునాలుగేండ్ల లోపు బాలబాలికలందరికిని పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య అందవలెనని ఆదేశించెను. 1951లో దేశమున చదువ వ్రాయ నేర్చినవారు నూటికి 18 మందియే. పల్లెలలో బడులు వెలసినను, పెక్కింట ఐదు తరగతులకు ఒక్కడే ఉపాధ్యాయుడు. అతడు ఒక తరగతికి చెప్పుచుండగా తక్కిన నాలుగును ఊరక కూర్చుండవలసినదే.

ఈ చిక్కును విప్పుటకు ఋషివాలీవారు గ్రామీణ విద్యాకేంద్రమును నెలకొల్పి, చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులను తెరచిరి. ఆ కేంద్రములోని ఉపాధ్యాయులు ఒక క్రొత్త పద్ధతిని రూపొందించిరి. ఇందు పాఠ్యపుస్తకమునకు బదులు చిన్న చిన్న అట్టలుండును. ఒక్కొక్క అట్టపై ఒక్కొక్క చిన్న పని, దానికొక బొమ్మ గుర్తు. గోడపై నిచ్చెన వంటి పటము వ్రేలాడును. పిల్లవాడు తాను ఏ మెట్టుపై నున్నాడో తానే చూచుకొని, తగిన అట్టను తానే తెచ్చుకొనును. పెద్దవారు చిన్నవారికి తోడ్పడుదురు. ఉపాధ్యాయుడు గుంపునుండి గుంపునకు తిరుగుచు, అవసరమైనవాని ప్రక్కన కూర్చుండును. జ్వరము వలననో, చేనిపని వలననో పది దినములు రాని పిల్లవాడు, వచ్చిన దినమున తాను విడిచిన మెట్టునుండియే మొదలుపెట్టును. వెనుకబడినవాడని ఎవ్వరును అనరు. తరువాతి కాలమున కర్ణాటకములో నలి-కలి యను పేరుతోను, తమిళనాటను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఈ పద్ధతిని అనుసరించినవి.

కృష్ణమూర్తి కాశీలోను, ఇంగ్లండు, అమెరికాలలోను గూడ పాఠశాలలు నెలకొల్పెను. దేశదేశములు తిరుగుచున్నను, పెక్కు సంవత్సరములు శీతకాలమున ఋషివాలీకి వచ్చి, పిల్లలతోను ఉపాధ్యాయులతోను ముచ్చటించెడివాడు. 1985 చివర తుదిసారిగా వచ్చి, 1986 ఫిబ్రవరి 17వ తేదీన, తొంబదేండ్ల వయస్సున, అమెరికాలోని ఓహాయిలో కన్నుమూసెను.

2009లో మన దేశమున విద్యాహక్కు చట్టము వచ్చెను. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అది అమలగుచున్నది. బడిలో పిల్లలను కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు ఆ చట్టము నిషేధించినది. మైలాపూరు బడి వసారాలో ఒక బాలుడు ఏడ్చుచు నిలిచిన నాటికిని, ఆ చట్టమునకును నడుమ నూరేండ్లు గడచెను.

తరగతిలో జవాబు చెప్పలేక దిక్కులు చూచు బాలుడు నేటికిని ప్రతి బడిలో ఒకడుండును. అతనిని చూచి నవ్వుట సులభము. అతడు ఏమి చూచుచున్నాడో తెలిసికొనుటయే చదువు చెప్పువారికిని, తోడి విద్యార్థులకును కర్తవ్యము.