ఆచార్య పెర్సీ బ్రిడ్జ్‌మన్

నీరు చల్లబడిన మంచుగడ్డ యగుననియు, అది నీటిపై తేలుననియు నెల్లరు నెఱుగుదురు. కాని మంచుగడ్డ యెల్లప్పుడు నొక్క తీరుననే యుండునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో సాటిలేని కృషి సల్పినవాడు పెర్సీ విలియమ్సు బ్రిడ్జ్‌మన్.

ఈయన 1882 ఏప్రిల్ 21 వ తేదీన అమెరికా దేశమందలి మాసచూసెట్సు రాష్ట్రమున, కేంబ్రిడ్జి పట్టణమున జన్మించెను. తండ్రి పత్రికా విలేఖరి. 1900 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరి, 1908 లో డాక్టరు పట్టమును బడసి, 1954 లో విశ్రాంతి గైకొను వరకు నచ్చటనే బోధించెను.

ఆ 1900 లోనే టామ్మాన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచుగడ్డను మిక్కిలి యొత్తిడికి లోబరచి, రెండు క్రొత్త రూపములను కనుగొనెను. వానియందు అణువులు దగ్గరగా కూడుకొని యుండుటచే నవి నీటికంటె బరువైనవి. సామాన్యమైన మంచును మొదటిదిగా నెంచి, వీనిని రెండవ మంచు, మూడవ మంచు అని పిలిచిరి.

ఒత్తిడి నింకను హెచ్చించిన నేమగును? వాయుమండలపు టొత్తిడికి కొన్ని వేల రెట్లు దాటగనే ద్రవము అతుకుల సందులనుండి కారిపోవుచుండెను. అదియే గొప్ప యాటంకము. ఇట్లుండ, బ్రిడ్జ్‌మన్ పరికర మొకటి చెడిపోయెను. దానికి బదులు క్రొత్తది కల్పించుచు, లోపలి యొత్తిడి పెరిగినకొలది మూత మఱింత బిగియునట్టి యమరిక నాయన సాధించెను. ఉక్కు పాత్రలు హఠాత్తుగా బ్రద్దలగు నపాయ మున్నను, కొలతలను స్వయముగా దన చేతులతోనే తీయుచుండెను.

1912 లో ఐదవ, ఆఱవ మంచులను ప్రకటించెను. నాల్గవ సంఖ్య మిగుల నస్థిరమైన యొక రూపమునకు చెల్లినది. సుమారు 10,000 రెట్ల యొత్తిడిలో, గది వెచ్చదనమునందే నీరు ఆఱవ మంచుగా గడ్డకట్టును! 1937 లో కనుగొన్న యేడవ మంచు, తగిన యొత్తిడి యున్నచో, మరుగు నీటి వేడిమిలో సైతము కరుగదు. కోడిగ్రుడ్డు తెల్లసొన నిప్పు తగులకయే, ఒత్తిడిచేతనే గట్టిపడుననియు 1914 లో నీయనయే చూపెను.

క్రమముగా 1,00,000 రెట్ల యొత్తిడిని సాధించిన యీయనకు 1946 లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను. 1961 ఆగస్టు 20 వ తేదీన కాలధర్మము నొందెను. అన్వేషణ మాత్రము ఆగలేదు. నేటికి మంచు రూపములు దాదాపు ఇరువది తెలియవచ్చినవి. భూగర్భపు లోతులనుండి వచ్చిన వజ్రములలో ఏడవ మంచు చిక్కుకొని యున్నదని 2018 లో వెల్లడియైనది.

విద్యార్థులారా! మనము నిత్యము త్రాగు నీటియందే యిన్ని మర్మములు దాగియుండెను. వానిని వెలికి దీసినది చెడిపోయిన పనిముట్టును జూచి విసుగు చెందక, మఱల పనికి బూనుకొనిన యోపిక. తెలిసినదే యనుకొన్న వస్తువును మఱొకసారి ప్రశ్నింపుడు. చేతిపనిని చులకన సేయకుడు.