చక్రాల కుర్చీలో నుంచే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్

మా అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, విశాఖలో నయం కాకపోతే రాయవేలూరు తీసుకెళ్లమని పెద్దలు చెబుతుంటారు. ఆ వేలూరులోనే, నడవలేని స్థితిలో ఉండి వందలాదిమందికి బతుకు మీద ఆశ కలిగించిన ఒక వైద్యురాలి జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

మేరీ వర్గీస్ 1925లో కేరళలో, కొచ్చి దగ్గరి చేరాయిలో జన్మించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. 1954 జనవరిలో తోటివారితో ప్రయాణిస్తుండగా వాహనం బోల్తాపడింది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు.

అక్కడే పనిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెలో ధైర్యం నింపారు. కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన వేళ్లను ఆపరేషన్‌తో సరిచేయడం ఆయన ప్రత్యేకత. చేతి ఆపరేషన్‌ను కూర్చొని కూడా చేయవచ్చు. మేరీ ఆ విద్య నేర్చుకొని, చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేశారు.

తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ఒకరి సాయం లేకుండా తన పనులు తాను చేసుకునే శిక్షణ పొందారు. న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం చదివారు. వేలూరు తిరిగివచ్చి ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. 1986లో ఆమె కన్నుమూశారు. నేడు ఆ కేంద్రం ఆమె పేరుతోనే నడుస్తోంది.

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. రోగి ఎంత కోలుకున్నాడో తెలియాలంటే అందరికీ ఒకే కొలత ఉండాలి. 1965లో అమెరికాలో వెలువడిన బార్తెల్ సూచిక అలాంటిదే. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం వంటి 10 పనులకు మొత్తం 100 మార్కులు. చికిత్సకు ముందు, తర్వాత మార్కులు వేసి పోల్చి చూస్తారు. అయితే అందులో నడకకు 15 మార్కులుంటే, కుర్చీని సొంతంగా నడుపుకునేవారికి 5 మాత్రమే. మెట్లెక్కలేకపోతే మరో 10 పోతాయి. అంటే ఎందరి చేతులనో బాగుచేసిన మేరీ వర్గీస్‌కు కూడా ఆ పరీక్షలో 80 దాటవు! ఆమె చేసిన పని ఆ మార్కుల్లో కనబడదు.

అందుకే తర్వాతి కాలంలో కుర్చీ వాడేవారి కోసమే ఫంక్షనల్ మొబిలిటీ అసెస్‌మెంట్ వంటి ప్రశ్నావళులు వచ్చాయి. ఈ కుర్చీతో మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారా, ఒళ్లు నొప్పి లేకుండా కూర్చోగలుగుతున్నారా, ఇంట్లోనూ బయటా తిరగగలుగుతున్నారా అని అవి వాడేవారినే అడుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2008లో, కుర్చీ అందించే సేవను 8 మెట్లుగా చెప్పింది. మనిషికి తగిన కొలత చూడటం, వాడకం నేర్పడం, తర్వాత వచ్చి మరమ్మతు చూడటం అందులో ఉన్నాయి. కుర్చీ చేతికివ్వడంతో పని పూర్తికాదన్నమాట.

మనకేమో శిబిరంలో ఎన్ని కుర్చీలు, ఎన్ని ట్రైసైకిళ్లు పంచారన్నదే లెక్క. ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని తిరుగుతున్నాయో, ఎన్ని పశువుల పాకలో తుప్పుపడుతున్నాయో అడిగేవారు తక్కువ.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన హాస్టల్‌కు రేపు కుర్చీలో ఒక విద్యార్థి వస్తే గేటు నుంచి గదికి, భోజనశాలకు, స్నానాల గదికి ఎవరూ ఎత్తకుండా వెళ్లగలడా? నాలుగు మెట్ల దగ్గరే ఆగిపోతే, ఆ మార్కులు తగ్గేది అతనికి కాదు, మనకే. సీనియర్లమైన మేము, మీరు కలిసి ఈ లెక్క ముందుగా తేల్చుకుందాం. ఆ మహనీయురాలికి మనం అర్పించగల నివాళి అదే.