మేక గొంతు మీద మొదటి పరీక్ష: హకీం ఇబ్న్ జుహర్

స్పెయిన్‌ను అందలుస్ అని పిలిచే రోజులవి. నేటి సెవిల్, ఆనాటి ఇష్బీలియా నగరంలో 1094 ప్రాంతంలో అబూ మర్వాన్ అబ్దుల్ మలిక్ ఇబ్న్ జుహర్ పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ పేరున్న హకీములే. తండ్రి దగ్గరే ఆయన వైద్యం నేర్చుకున్నారు.

మురాబితూన్ పాలకుడు అలీ ఇబ్న్ యూసుఫ్ ఆగ్రహానికి గురై మరాకష్ జైల్లో గడపాల్సి వచ్చింది. అయినా వైద్యాన్ని వదల్లేదు. తర్వాత అధికారంలోకి వచ్చిన మువహ్హిదూన్ ఖలీఫా అబ్దుల్ మోమిన్ ఆయన్ని ఆదరించి తన వైద్యుడిగా పెట్టుకున్నారు.

గొంతు వాచి ఊపిరాడని రోగికి శ్వాసనాళం కోసి గాలి అందించవచ్చని పాత గ్రంథాల్లో ఉంది. కానీ చేసే ధైర్యం ఎవరికీ లేదు. మృదులాస్థి తెగితే మళ్లీ అతుక్కోదని భయం. అంతకు నూరేళ్లకు పైగా ముందే ఖుర్తుబాలో అజ్జహ్రావీ, కత్తితో గొంతు తెగిన ఒక దాసి పిల్లకు కుట్లు వేశారు. ఆ పిల్ల బతికింది, గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది. అయినా భయం పోలేదు.

ఇబ్న్ జుహర్ మనిషి ప్రాణంతో పందెం కాయలేదు. ఒక మేక గొంతు చర్మం, కింది పొర కోసి, శ్వాసనాళం నుంచి గింజంత ముక్క తీసేశారు. గాయాన్ని రోజూ తేనె కలిపిన నీళ్లతో కడిగారు. గాయం మానింది. మేక చాలాకాలం బతికింది. ఈ సంగతిని అత్తైసీర్ గ్రంథంలో రాసిపెట్టారు. మిత్రుడు ఇబ్న్ రుష్ద్ కోరిక మీద రాసిన పుస్తకమిది. తర్వాత హీబ్రూ, లాటిన్ భాషల్లోకి వెళ్లి యూరప్ వైద్యులకూ పాఠమైంది.

నేడు ఐసీయూల్లో ట్రకియాస్టమీ మామూలైంది. అలాగని ప్రమాదం లేదని కాదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కఫంతో గొట్టం మూసుకుపోవడం, కొన్నాళ్లకు శ్వాసనాళం ఇరుకవడం జరగొచ్చు. అందుకే కోత ఒక్కటే చాలదు, తర్వాత గాయాన్నీ గొట్టాన్నీ శుభ్రంగా ఉంచాలి. మేక గాయాన్ని ఓపిగ్గా కడిగిన ఆ హకీంకు ఈ మాట అప్పుడే తెలుసు.

ఆయన 1162లో ఇష్బీలియాలోనే కన్నుమూశారు. కొడుకు అబూ బక్ర్ పేరున్న వైద్యుడు, కవి. కూతురు, మనవరాలు కూడా ఖలీఫా అంతఃపుర స్త్రీలకు వైద్యం చేశారు. ఆ ఇంట్లో ఇల్మ్ కొడుకులతోనే ఆగిపోలేదు.